నా పోర్టర్ (ముదురు రంగు బీరు) రెసిపీని బ్రూవరీ అడుగుతోంది, ఇవ్వాలా?

బార్లీగింజ:
నాలుగేళ్లుగా ఇంట్లో ఒకే పోర్టర్ పట్టుకుని కూర్చున్నాను. 20 లీటర్ల బ్యాచ్‌లు ఇప్పటికి 17 అయ్యాయి. కాల్చిన మాల్ట్‌ని (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) మొదట్లో కాకుండా మాష్ (మాల్ట్‌ని వేడి నీళ్లలో నానబెట్టే దశ) చివరి 15 నిమిషాల్లో వేయడం మొదలుపెట్టాకే ఆ మసి చేదు పోయి కోకో రుచి వచ్చింది. పోయిన నెల స్నేహితుడింట్లో ఇది తాగిన ఒకాయన, చిన్న బ్రూవరీలో హెడ్ బ్రూవరట, "రెసిపీ పంపండి, 1000 లీటర్లు చేసి చూద్దాం" అన్నారు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది. డబ్బు ఆశ లేదు. కానీ రేపు అది ఇంకో పేరుతో ట్యాప్ మీదికొచ్చి, దానితో నాకేం సంబంధం లేనట్టు అయిపోతే తట్టుకోలేను. అలాగని షరతులు పెట్టి అవకాశం పోగొట్టుకోవడమూ ఇష్టం లేదు. ఇలా ఇచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

నురగ:
నేను ఇచ్చాను. మొహమాటంతో ఏమీ అడక్కుండా, ఈస్ట్ రకం, నీళ్లలో కలిపే జిప్సం లెక్కతో సహా ఒక్క మెసేజ్‌లో పంపేశాను. ఆర్నెల్లకి వాళ్ల మెనూలో కనిపించింది, పేరు వేరు, రుచి నాదే. అడిగితే "మేం చాలా మార్చాం" అన్నారు. చేతిలో కాగితం లేనప్పుడు ఏం మాట్లాడతాం? మీకు కావాల్సింది పేరైతే అది ముందే నోరు తెరిచి అడగండి.

ఒప్పందం_ముందు:
దినుసుల పట్టికకి మామూలుగా కాపీరైట్ రాదండీ. రహస్యంగా ఉంచినంత కాలమే దానికి ట్రేడ్ సీక్రెట్ రక్షణ, ఏ షరతూ లేకుండా చెప్పేస్తే అదీ పోతుంది. అందుకే పంపకముందే ఒక పేజీ రాసుకోండి: లేబుల్ మీద మీ పేరు ఉంటుందా, ఇది ఒక్క బ్యాచ్‌కేనా, మళ్లీ చేస్తే మిమ్మల్ని అడగాలా. మీరు ఇదే బీరు ఇంట్లో చేసుకోవడానికి, పోటీలకి పంపడానికి అడ్డుండకూడదని కూడా రాయించండి, చాలామంది ఇది మర్చిపోతారు. పేరు అడగడం అత్యాశ కాదు. గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో ప్రో-యామ్ అనే పోటీయే పెట్టారు, అక్కడ హోమ్‌బ్రూవర్ (ఇంట్లో బీరు చేసేవాళ్లు) రెసిపీని బ్రూవరీ పెద్ద ఎత్తున చేసి ఇద్దరి పేరునా పెట్టేది.

వర్ల్‌పూల్:
బ్రూవరీలో పనిచేసేవాణ్ణి. మీ లెక్కని 50తో హెచ్చవేస్తే మీ బీరు రాదండీ. మాష్‌లో మాల్ట్ నుంచి మీకు 72 శాతం చక్కెర దిగుబడి వస్తుంటే మాకు 85 దాటొచ్చు, అదే పాళ్లలో మాల్ట్ పోస్తే గ్రావిటీ (రసం సాంద్రత, అంటే అందులో చక్కెర ఎంతుందో) పెరిగిపోతుంది. మరిగేటప్పుడు చివర్లో వేసే హాప్స్‌తో (చేదు, వాసన ఇచ్చే పువ్వులు) ఇంకా చిక్కు. మీరు కాయిల్ పెట్టి కాసేపట్లో చల్లార్చేస్తారు, మా దగ్గర వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) వర్ల్‌పూల్‌లోనూ (సుడి తిప్పి మడ్డి దించే తొట్టి), చిల్లర్‌కి వెళ్లేదాకానూ చాలాసేపు మరుగుకి దగ్గరి వేడిలోనే ఉంటుంది, అంతసేపూ చేదు దిగుతూనే ఉంటుంది. కాబట్టి కిలోలు వద్దు, మాల్ట్ శాతాలివ్వండి, మొదటి గ్రావిటీ, చివరి గ్రావిటీ, ఐబీయూ (చేదు కొలత), మాష్ వేడి, నీళ్లలో సల్ఫేట్, క్లోరైడ్, ఈస్ట్, పులిసేటప్పటి వేడి కూడా. కాల్చిన మాల్ట్ ఆఖర్న వేసే పద్ధతిని మాత్రం ఒట్టి కాగితానికి వదిలేయకండి. పెద్ద మాష్‌లో ఆఖర్న కలపడం కష్టం, తొందరలో ఉన్నవాళ్లు మొదట్లోనే పోసేస్తారు. వోర్ట్ వడకట్టే ముందు పైన పరిస్తే సరిపోతుంది, కానీ అది చెప్పడానికి బ్రూ రోజున మీరు అక్కడ ఉండాలి. అది కూడా షరతుల్లో పెట్టండి. నేనైతే మీరు రావాలనే కోరుకుంటాను.

బార్లీగింజ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ ఆయనకి ఫోన్ చేశాను. పేరు వేయడానికి వెంటనే ఒప్పుకున్నారు, బ్రూ రోజుకి రమ్మన్నారు కూడా. మళ్లీ చేస్తే నన్ను అడగాలన్న దగ్గర మాత్రం "ఓనరుతో మాట్లాడి చెప్తా" అన్నారు. కాగితం వచ్చేదాకా పంపను. ఈలోగా అంతా శాతాల్లోకి మారుస్తున్నాను. వర్ల్‌పూల్ గారూ, నా నీళ్ల రిపోర్టు పెడితే సల్ఫేట్ లెక్క ఒకసారి చూస్తారా?