టీహెచ్400: మూడో గేర్‌లో బండి లాగట్లేదు

అన్నా, డ్రాగ్ కార్‌లో (తిన్నటి ట్రాక్ మీద రేసు బండి) స్టాక్ టీహెచ్400 ఉంది, అంటే మార్పులేం చేయని జీఎం మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మొదటి రెండు గేర్లు గట్టిగానే పట్టుకుంటున్నాయి కానీ మూడోది పడగానే ఆర్‌పీఎం లేచిపోతోంది తప్ప బండి లాగట్లేదు, రివర్స్ మాత్రం బానే ఉంది. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) పోయిందంటారా?

— కన్వర్టర్ అయితే అన్ని గేర్లలోనూ తేడా తెలిసేది బ్రో. డైరెక్ట్ క్లచ్ మీదే నా అనుమానం, మూడో గేర్‌కీ రివర్స్‌కీ అదే పట్టాలి.

— మరి రివర్స్ బాగుంది కదా?

— అందుకని క్లచ్‌ని వదిలేయొద్దు. స్టాక్‌లో మూడో గేర్‌కి ఆ క్లచ్ పిస్టన్ లోపలి భాగానికే ఆయిల్ వెళ్తుంది, రివర్స్‌లో మొత్తం పిస్టన్‌కీ వెళ్తుంది, పైగా అప్పుడు లైన్ ప్రెషర్ (గేర్‌బాక్స్‌లో ఆయిల్ ప్రెషర్) కూడా ఎక్కువ, అందుకే అరిగిన క్లచ్ కూడా రివర్స్‌లో పట్టేస్తుంది. రేసింగ్‌కి డ్యూయల్ ఫీడ్ (మూడో గేర్‌లోనూ మొత్తం పిస్టన్‌కీ ఆయిల్ వెళ్లేలా మార్చడం) చేయించేది ఇందుకే. విప్పేముందు గేజ్ పెట్టి ప్రెషర్ చూడు, మూడోదానికి మారగానే పడిపోతే సెంటర్ సపోర్ట్ సీలింగ్ రింగులు (ఆ క్లచ్‌కి వెళ్లే ఆయిల్ కారకుండా ఆపేవి) లీకవుతుండొచ్చు.

— గేర్‌బాక్స్ కింద ఉండే ఆయిల్ పాన్ కూడా దించండి. అడుగున కాస్త బూడిద రంగు మామూలే, నల్లటి పొడి దండిగా ఉండి ఆయిల్ మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు పోయినట్టే, ఇంకో రన్ మాత్రం వేయకండి ప్లీజ్. రిపేరప్పుడు ఆయిల్ కూలర్ లైన్లు ఫ్లష్ చేయించండి, లేదంటే ఆ చెత్తంతా కొత్త క్లచ్‌లోకే వస్తుంది.