అప్‌డేట్: రైలు ప్రయాణంలో కలిగిన ఇష్టం గురించి అడిగింది నేనే

పర్లాకిమిడి నుంచి గుణుపురానికి రోజూ ఒకే పెట్టెలో నాతో ప్రయాణించే ఒడియా సహోద్యోగి మీద, మొదట్లో ఏమీ అనిపించని నాకు, ఎనిమిది నెలల తరువాత ఇంత ఆకర్షణ ఎందుకు కలిగిందని అడిగాను. చాలామంది అది అలవాటేనన్నారు. ఒకరు 1968లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయాన్స్ ప్రచురించిన పరిశోధనను గుర్తుచేశారు: అర్థం లేని పదాలైనా, తెలియని ముఖాల ఫొటోలైనా ఎక్కువసార్లు చూసినకొద్దీ వాటిమీద ఇష్టం పెరుగుతుందట. ఆ మాట నన్ను చాలా రోజులు కలవరపెట్టింది.

తరువాత ఆయనకు రాయగడ బదిలీ అయింది. రెండు నెలలు ముఖం చూడలేదు. కేవలం అలవాటే అయితే ఈపాటికి పలచబడాలి కదా అనుకున్నాను; పలచబడలేదు. గుర్తొచ్చింది ఆయన రూపం కాదు. వాళ్లమ్మగారితో ఫోనులో ఒడియాలో మాట్లాడుతూ, పక్కన నేనున్నానని మధ్యలో ఆగి, "అమ్మ మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోందండీ" అని తెలుగులో చెప్పేవారు. మా నాన్నగారు పోయిన సంగతి నేను మొదటిసారి చెప్పినప్పుడు ఓదార్పు మాటలేవీ వల్లించకుండా, కాశీనగర్ స్టేషను దాటేవరకు మౌనంగా విన్నారు.

పదే పదే కనబడటం తలుపు తెరిచి ఉండవచ్చు, కాని మనసు విప్పి చెప్పుకోవడం, అవతలివారు దాన్ని జాగ్రత్తగా అందుకోవడం వల్లనే ఈ దగ్గరితనం ఏర్పడిందని ఇప్పుడు నమ్ముతున్నాను.

మొన్న ఆదివారం మహేంద్రతనయ ఒడ్డున ఆయనకు ఈ విషయం చెప్పాను. వాళ్లమ్మగారితో మాట్లాడి చెబుతానన్నారు.