పోత భాగాల సరఫరాదారుల ఎంపిక: ధరకు, నాణ్యతకు మార్కులు ఎలా వేయాలి?

ప్రశ్న: ఆటోనగర్ కొనుగోళ్లు

పెద్దలందరికీ నమస్కారం. విశాఖపట్నం ఆటోనగర్‌లో పంపుల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో నేను కొనుగోళ్ల విభాగం చూస్తున్నాను. పోత పోసిన కేసింగులను (పంపు బయటి గుల్లలను) బయటి ఫౌండ్రీల (పోత కర్మాగారాల) నుంచి తెప్పించుకుని, మా యంత్రాల మీద మెషినింగ్ చేసి, నీటి పీడన పరీక్ష పూర్తయ్యాక పెద్ద సంస్థలకు పంపుతాం. ఇంతకాలం మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర వేసినవారికి ఆర్డరు ఇవ్వడమే మా పద్ధతి. ఇప్పుడు ఐఎస్‌ఓ 9001 (నాణ్యత నిర్వహణ ప్రమాణం) ఆడిట్ దగ్గరపడుతున్నందువల్ల, సరఫరాదారులను ఏ ప్రాతిపదికన ఎంచుకుంటున్నామో రాతపూర్వకంగా చూపించవలసి వస్తోంది. వంద మార్కులకు ఒక పట్టిక తయారుచేయమని మా యజమాని గారు చెప్పారు.

నా ముసాయిదాలో ధరకు 40, నాణ్యతకు 30, సకాలంలో సరుకు అందించడానికి 20, చెల్లింపు గడువుకు 10 మార్కులు ఉన్నాయి. ప్రస్తుతం ఒక కేసింగ్‌కు మూడు కొటేషన్లు చేతిలో ఉన్నాయి. రాజ్‌కోట్ నుంచి సరుకు తెప్పించే ఒక వ్యాపారి 4,000 రూపాయలు, కోయంబత్తూరులోని ఒక ఫౌండ్రీ 4,150, ఇక్కడే గాజువాక పరిసరాల్లోని ఒక ఫౌండ్రీ 4,300 వేశాయి. అన్నీ మా గేటు దగ్గర అప్పగించే ధరలే. వ్యాపారి 90 రోజుల గడువు కూడా ఇస్తానంటున్నారు.

ధరకు మార్కులు లెక్కగట్టే సరైన సూత్రం ఏది? ఇంతవరకు మాకు సరుకు పంపనివారికి నాణ్యత మార్కులు ఎలా వేయాలి? స్థానిక ఫౌండ్రీ వారు మా యజమాని గారికి ఎప్పటినుంచో తెలిసినవారు కావడం మరో చిక్కు. పట్టికలో వారి పేరు కిందికి పోతే నేనేమని సమాధానం చెప్పాలో తెలియడం లేదు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం 1: విశ్రాంత సామగ్రి అధికారి

ఆటోనగర్ మిత్రులకు నమస్కారం. ముందుగా ఆడిట్ సంగతి. ఐఎస్‌ఓ 9001 ప్రమాణంలోని 8.4 విభాగం బయటి సరఫరాదారుల మూల్యాంకనానికి, ఎంపికకు, పనితీరు పరిశీలనకు, పునర్మూల్యాంకనానికి ప్రమాణాలు నిర్ణయించుకుని అమలు చేయమనీ, వాటి రికార్డులు ఉంచమనీ అడుగుతుందే తప్ప, వేటికి ఎన్ని మార్కులు వేయాలో ఎక్కడా చెప్పదు. కాబట్టి 40, 30 అన్న అంకెల గురించి ఆడిటర్ మిమ్మల్ని నిలదీయరు. వాటిని ఎందుకు అలా నిర్ణయించారనీ, నిర్ణయించుకున్న ప్రకారమే ఆర్డర్లు ఇస్తున్నారా అనీ మాత్రం తప్పకుండా అడుగుతారు.

ధర సూత్రం మీరు అనుకుంటున్న దానికంటే ముఖ్యమైన విషయం. చాలామంది అతి తక్కువ ధరకు వంద, అతి ఎక్కువ ధరకు సున్నా వేసి, మధ్యవారికి దామాషా ప్రకారం పంచుతారు. మీ మూడు కొటేషన్లకు ఆ పద్ధతి వాడితే 100, 50, 0 వస్తాయి. 40 మార్కుల లెక్కలో అవి 40, 20, 0 అవుతాయి. అంటే ధరలో ఏడున్నర శాతం తేడాకు స్థానిక ఫౌండ్రీ నలభై మార్కులూ పోగొట్టుకుంటుంది. ఇక నాణ్యతలో ఎంత మెరుగ్గా ఉన్నా పైకి రావడం దాదాపు అసాధ్యం. అలా కాకుండా అతి తక్కువ ధరను కొటేషన్ ధరతో భాగించి వందతో హెచ్చిస్తే 100, 96.4, 93.0 వస్తాయి, 40కి లెక్కిస్తే 40, 38.6, 37.2. పట్టిక అదే, కొటేషన్లు అవే, ఫలితం మాత్రం తలకిందులు కావచ్చు. మీకు రెండో పద్ధతినే సూచిస్తాను. అయితే దానిలోనూ ఒక లోపం ఉంది: ఎవరైనా నమ్మశక్యం కానంత తక్కువ ధర వేస్తే మిగిలినవారందరి మార్కులూ ఒక్కసారిగా పడిపోతాయి. అందుచేత సాంకేతికంగా అర్హత లేని కొటేషన్‌ను ధర లెక్కలోకి రానివ్వకుండా ముందే పక్కన పెట్టాలి.

అసలు పోత వస్తువుల విషయంలో ధర మార్కులకంటే మొత్తం ఖర్చు లెక్క వేయడం మేలు. పోతలోని గాలి బుడగలు, ఇసుక గుంటలు చాలావరకు పై పొర కింద దాగి ఉండి, మెషినింగ్ చేసేటప్పుడో పీడన పరీక్షలోనో బయటపడతాయి. అప్పటికి మీ కూలి, కరెంటు, యంత్రం కాలం ఖర్చయిపోయి ఉంటాయి. ఫౌండ్రీ వారు సాధారణంగా పోతకు బదులు పోత ఇస్తారు గానీ మెషినింగ్ ఖర్చు భరించరు. ఉదాహరణకు ఒక కేసింగ్ మీద మెషినింగ్‌కు 2,500 రూపాయలు అవుతుందనీ, వ్యాపారి సరుకులో వందకు 8, కోయంబత్తూరు సరుకులో వందకు 1 ఆ దశలో పోతాయనీ అనుకుందాం. వంద కేసింగుల మీద వ్యాపారి దగ్గర ధరలో 15,000 రూపాయలు మిగులుతాయి. మెషినింగ్‌లో మాత్రం కోయంబత్తూరు సరుకుకు 2,500 పోయేచోట ఇక్కడ 20,000 పోతాయి. అంటే తిరుగు రవాణా, ఆలస్యం కలపకముందే 2,500 నష్టం. అదే వందకు 5 మాత్రమే పోయేటట్లయితే అదనపు నష్టం 10,000కు తగ్గి, తక్కువ ధర వేసినవారే లాభసాటి కావచ్చు. తక్కువ ధరను అనుమానించడం ఒక్కటే తెలివి అనుకోకుండా, మీ ఇన్‌స్పెక్షన్ రిజిస్టరులోని అంకెలతో ఈ లెక్క వేసి చూడండి.

కొత్తవారికి ఊహించి సగటు మార్కులు వేయవద్దు. గత పనితీరు గడిని ఖాళీగానే ఉంచి, వారిని పరిశీలన జాబితాలో చేర్చి, నమూనా ఆమోదం పొందాక చిన్న ఆర్డరు ఇచ్చి, ఆ లాటులో ప్రతి ముక్కనూ తనిఖీ చేయండి. వీలైతే ఫౌండ్రీకి స్వయంగా వెళ్లండి. స్పెక్ట్రోమీటర్ (లోహంలో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే పరికరం) ఉందా, ఇసుక పరీక్షలు రోజూ రాస్తున్నారా, గేజీలను (కొలత పరికరాలను) సరిచూసే క్యాలిబ్రేషన్ గడువు దాటిందా అన్నవి చూడండి. తిరస్కరణల రిజిస్టరు చూపించమని తప్పక అడగండి; మా దగ్గర తిరస్కరణలే ఉండవని చెప్పే ఫౌండ్రీ వాటిని లెక్కపెట్టడం లేదని అర్థం.

సమాధానం 2: ఎగుమతుల నాణ్యత విభాగం

మాది రొయ్యల శుద్ధి, ఎగుమతి రంగం కాబట్టి మీ వస్తువు గురించి నాకు తెలియదు. అయినా పై సమాధానంలో అర్హత లేని కొటేషన్ అన్న మాట క్లుప్తంగా వచ్చినందువల్ల దాన్ని కొంత విస్తరిస్తాను. మార్కుల పట్టికలో ఒక అంశంలోని లోటును మరో అంశం పూడుస్తుంది. కొన్ని లోట్లు మాత్రం అలా పూడేవి కావు. మా రంగంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ యాంటీబయోటిక్‌ల అవశేషాలు పరీక్షలో కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఎంత బాగున్నా ఆ సరుకు మాకు పనికిరాదు. యూరోపియన్ యూనియన్ 2016లో మన దేశపు సాగు రొయ్యల సరుకులో నమూనాలు తీసే నిష్పత్తిని కనీసం 50 శాతానికి పెంచింది. విశాఖ రేవు నుంచి వెళ్లిన కంటైనరు అక్కడి రేవులో తిరస్కరణకు గురైతే, అది ఏ చెరువు సరుకో చూపించలేని ఎగుమతిదారు చెప్పుకోగలిగింది ఏమీ ఉండదు.

అందువల్ల మేము మార్కులు వేయడానికి ముందు అవును, కాదు అన్న జవాబులే ఉండే ఒక వడపోత పెట్టుకుంటాం. చెరువుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు ఉందా, పట్టుబడికి ముందు తీసిన నమూనా ఫలితం వచ్చిందా అన్నవి అందులో ఉంటాయి. ఒక్కదానికి కాదన్నా మిగతా పట్టిక తెరవం. మీకైతే లోహపు గ్రేడ్, పీడన పరీక్ష, జీఎస్‌టీ రిటర్నులు సక్రమంగా దాఖలు చేయడం అటువంటివి కావచ్చు. సరఫరాదారు తన రిటర్నులో మీ ఇన్వాయిస్‌ను చూపకపోతే అది మీ జీఎస్‌టీఆర్-2బి (సరఫరాదారుల రిటర్నుల ఆధారంగా పోర్టల్ చూపే క్రెడిట్ పట్టిక)లోకి రాదు, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును మీ పన్నులో తగ్గించుకోవడం) తీసుకునే వీలుండదు. రిటర్నుల దాఖలు వివరాలు జీఎస్‌టీ పోర్టల్‌లో నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు.

ఇంకొక మాట. మాకు సరుకు చేరేది చాలాసార్లు ఏజెంట్ ద్వారా. అయినా మేము అంచనా కట్టవలసింది ఆయన వెనకున్న చెరువును. మీ రాజ్‌కోట్ వ్యాపారి విషయంలోనూ, ఏ ఫౌండ్రీలో పోత పోయించి పంపుతారో, ఆ ఫౌండ్రీ ప్రతిసారీ ఒకటేనా కాదా అన్నది ముందుగా తేల్చుకోండి.

ప్రశ్నించినవారు: ఆటోనగర్ కొనుగోళ్లు

ఇద్దరికీ ధన్యవాదాలు. వ్యాపారి గారిని అడిగితే, ఆర్డరు పరిమాణాన్ని బట్టి వేర్వేరు ఫౌండ్రీలలో పోయిస్తామని చెప్పారు. టెస్ట్ సర్టిఫికెట్ మాత్రం ప్రతి లాటుతోనూ ఇస్తామంటున్నారు. ఆ సర్టిఫికెట్‌ను ఎంతవరకు నమ్మవచ్చు? అలాగే 90 రోజుల గడువుకు ఎక్కువ మార్కులు వేయడం న్యాయమేనా?

సమాధానం 3: చిన్న ఫౌండ్రీ యజమాని

నేను బల్లకు అవతలి వైపు కూర్చునేవాడిని కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుందని ముందే మనవి చేస్తున్నాను.

సర్టిఫికెట్ విషయానికి వస్తే, ఈఎన్ 10204 అనే, లోహ ఉత్పత్తుల పరీక్ష పత్రాల యూరోపియన్ ప్రమాణం ప్రకారం 2.2 రకం పత్రంలో కనిపించే ఫలితాలు మీకు పంపిన సరుకు మీదనే చేసినవి కానవసరం లేదు. 3.1 రకం పత్రంలో మీ సరుకు మీద చేసిన పరీక్షల ఫలితాలే ఉండాలి. దాని మీద సంతకం చేసే తయారీదారు ప్రతినిధి ఉత్పత్తి విభాగానికి చెందనివారై ఉండాలి. పర్చేజ్ ఆర్డరులో ఏ రకం పత్రం కావాలో రాయకపోతే మాలో చాలామంది సులువైనదే ఇస్తాం. పత్రంలోని హీట్ నంబరు (లోహాన్ని కరిగించిన ఒక్కో విడతకు ఇచ్చే సంఖ్య) కేసింగ్ మీద పోతలోనే కనిపించాలని కూడా షరతు పెట్టండి. రెండూ సరిపోలని సరుకును స్టోర్స్‌లోకి తీసుకోకండి. అప్పుడప్పుడు ఒక ముక్కను మీ ఖర్చుతో బయటి ల్యాబ్‌లో పరీక్షింపజేస్తే ఆ విషయం సరఫరాదారులందరికీ తెలిసిపోతుంది, అదొక మేలు.

ఇక చెల్లింపు గడువు. ఆ పది మార్కులను తొలగించమని నా సలహా. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులలోపు, ఒప్పందం లేకపోతే 15 రోజులలోపు డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా లెక్కగట్టే చక్రవడ్డీ పడుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2023లో చేర్చిన 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక, గడువు దాటిన బకాయిని చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవలసి వచ్చింది. కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ వర్తించదు కాబట్టే ఆయన 90 రోజులు ఇవ్వగలుగుతున్నారు. ఆ మూడు నెలల వడ్డీని ఆయన 4,000లోనే కలుపుకోలేదని ఎలా అనుకోగలం? ఆ గడువును మార్కులుగా మార్చే బదులు, మీ బ్యాంకు వడ్డీ రేటుతో రూపాయల్లోకి మార్చి ధరలో తగ్గించి చూడండి. లెక్క నిజాయితీగా ఉంటుంది.

మీరు మాకు మార్కులు వేస్తున్నట్లే మేమూ కొనుగోలుదారులకు మనసులో మార్కులు వేస్తుంటాం. నెలకు ఎన్ని కేసింగులు కావాలో ముందుగా చెప్పేవారికి, డ్రాయింగ్ సవరణలను ఆర్డరు మధ్యలో మార్చనివారికి, గడువుకు చెల్లించేవారికి కొలిమిలో ముందు చోటు దొరుకుతుంది. పని ఎక్కువగా ఉన్న నెలలో ఎవరి పోత వెనక్కి జరుగుతుందో మీరే ఊహించుకోవచ్చు.

సమాధానం 4: విశ్రాంత సామగ్రి అధికారి

ఫౌండ్రీ యజమాని గారు చెప్పిన దానిలో చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఒక్క విషయం మాత్రం చేర్చాలి: ఆలస్యానికి కారణం కొనుగోలుదారుడే అని చెప్పడం సరఫరాదారులకు అలవాటు. డ్రాయింగ్ ఏ తేదీన ఇచ్చారో, గడువు తేదీని ఎవరు ఎందుకు మార్చారో స్టోర్స్ రిజిస్టరులో రాసి ఉంచితే ఆ వాదన అక్కడితో ఆగుతుంది. సకాలం మార్కులను కూడా, మొదట ఒప్పుకున్న తేదీకి పూర్తి పరిమాణం వచ్చిందా అన్న ఒక్క కొలతతోనే వేయండి. వందకు ఎనభై ముక్కలు తేదీకి పంపి మిగతావి నెల తర్వాత పంపినవారు ఆ కొలతలో నిలవరు.

యజమాని గారి పరిచయం గురించి మీరు అడిగారు. ధర కవరు తెరవకముందే నాణ్యత మార్కులను ఇన్‌స్పెక్షన్ వారు, సకాలం మార్కులను స్టోర్స్ వారు వేరువేరుగా వేసి సంతకాలు చేసే ఏర్పాటు చేయండి. మీరు ధర అంకె ఒక్కటే నింపుతారు. ఆ తర్వాత కూడా యజమాని గారు వేరే నిర్ణయం తీసుకుంటే అది వారి హక్కు. కారణాన్ని పట్టిక కింద ఒక వాక్యంగా రాయించండి. సరైన కారణం ఉండవచ్చు కూడా.

స్థానిక ఫౌండ్రీని పూర్తిగా వదులుకోవద్దని నేనే చెబుతాను. తిరస్కరించిన ముక్కకు బదులు దగ్గరలోనే పోత పడటం విలువైన సౌకర్యం. అలాగని అన్నీ ఇక్కడే పెట్టుకోవడం కూడా సరికాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు మీ యూనిట్‌కూ మీ పక్క ఫౌండ్రీకీ ఒకేసారి కరెంటు పోయి ఉంటుంది. మీ లెక్కలో కోయంబత్తూరు నెగ్గితే, ఎక్కువ భాగం వారికిచ్చి, స్థానికుల చేతిలో క్రమం తప్పని చిన్న వాటా ఉంచండి. వ్యాపారి మాత్రం ఒకే ఫౌండ్రీ పేరును పర్చేజ్ ఆర్డరులో రాయడానికి ఒప్పుకునేదాకా పరిశీలన జాబితాలోనే ఉంటారు.

అలా పంచేటప్పుడు ప్యాటర్న్ (పోత అచ్చు చేయడానికి వాడే నమూనా) సంగతి మరచిపోకండి. ప్యాటర్న్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో రాతలో లేకపోతే, సరఫరాదారును మార్చాలనుకున్న రోజున అది వారి షెడ్డులోనే ఉండిపోతుంది. దాని ధరను విడిగా ఇన్వాయిస్ చేయించి, దాని మీద మీ సంస్థ పేరు, డ్రాయింగ్ నంబరు, సవరణ నంబరు చెక్కించి, అడిగిన పదిహేను రోజుల్లో తిరిగి అప్పగించాలన్న షరతును మొదటి ఆర్డరులోనే చేర్చండి. రెండు ఫౌండ్రీలకు రెండు ప్యాటర్న్‌లు చేయించడానికి అయ్యే ఖర్చును కూడా మీ మొత్తం ఖర్చు లెక్కలో మొదటి సంవత్సరం కిందనే చూపించండి.