వేట, చేపలు, పిల్లల చదువు: బోయిసీ, మిజూలా, కాజిల్ రాక్‌లలో కుటుంబంతో ఎక్కడికి మారితే మంచిది?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మాది దివిసీమ. చిన్నప్పుడు బడి వదలగానే ఎర్రలు తవ్వుకుని, వెదురు గాలం భుజాన వేసుకుని చీకటి పడేదాకా కాలవ గట్టు మీదే ఉండేవాణ్ని. అమెరికా వచ్చి 14 ఏళ్లయింది. ఆఫీసులో ఒక స్నేహితుడి పుణ్యమా అని నాలుగేళ్లుగా జింకల వేట కూడా అలవాటైంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మాటే లేదు కాబట్టి నాకిది పూర్తిగా ఇక్కడ నేర్చుకున్న విద్యే. టెక్సస్‌లో దాదాపు 95 శాతం ప్రైవేటు భూమి. లీజు కట్టకపోతే అడుగు పెట్టడానికి ఉండదు. ఏటా ఆ ఖర్చు భరించలేకపోతున్నాను.

ఇప్పుడు నాది పూర్తి రిమోట్ ఉద్యోగం, గ్రీన్ కార్డు వచ్చేసింది. మా ఆవిడ నర్సు. బాబుకి 12, పాపకి 8. అమ్మ ఏటా అయిదు నెలలు మా దగ్గరుంటుంది, ఆవిడకి ఆస్తమా. కొండలు, ట్రౌట్ చేపలున్న ఏర్లు, ఎల్క్ అనే పెద్ద జింకల వేట, ఇవన్నీ ఇంటికి దగ్గర్లో ఉండే చోటికి మారిపోదామని ఉంది. ఐడహోలో బోయిసీ, మోంటానాలో మిజూలా, కొలరాడోలో కాజిల్ రాక్ అనుకుంటున్నాం. అక్కడుంటున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. మా బావమరిది హెచ్1బి మీద ఉన్నాడు, వాడూ వేటకి వస్తానంటున్నాడు. కుదురుతుందా?

జవాబు (మెరిడియన్, ఐడహో)

తమ్ముడూ, మేం 2016లో కాలిఫోర్నియా నుంచి బోయిసీ పక్కన మెరిడియన్‌కి వచ్చాం. నువ్వడిగిన ప్రశ్నే అప్పట్లో మేమూ ఏడాదిపాటు నలిపాం. ముందు ఒక లెక్క వేసుకో. సెలవు పెట్టి వేటకి వెళ్లేది ఏడాదిలో మహా అయితే పది రోజులు. మిగతా రోజులన్నీ బడి, డ్యూటీ, డాక్టరు, కూరగాయలే. అందుకే ఎల్క్ ఎక్కడ ఎక్కువుందని నేను చూడలేదు. మామూలు మంగళవారం సాయంత్రం పని ముగిశాక పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి రాగలనా అని చూశాను. ఇక్కడ బోయిసీ నది ఊరి మధ్యలోంచే పారుతుంది, అందులో రెయిన్‌బో, బ్రౌన్ ట్రౌట్ ఉన్నాయి. అయిదున్నరకి లాప్‌టాప్ మూసి ఆరింటికి నీళ్లలో నిలబడ్డ రోజులు నాకు లెక్కలేనన్ని. మీరు ఇక్కడ నివాసులయ్యాక, పిల్లలకి 14 నిండేదాకా చేపల లైసెన్సే అక్కర్లేదు.

ఇక అసలు విషయం, రెసిడెన్సీ. ఇల్లు కొన్న మర్నాడే నువ్వు వేట లైసెన్సుకి రెసిడెంట్ అయిపోవు. ఐడహోలో ఆరు నెలలు స్థిరంగా ఉండాలి. కొలరాడోలోనూ ఆరు నెలలే. మోంటానాలో వరుసగా 180 రోజులు, పైగా కార్లు అక్కడే రిజిస్టర్ చేయించి, పన్నులు కూడా అక్కడి నివాసిగానే కట్టాలి. వయోమింగ్‌లో పూర్తి ఏడాది. మా పాత పక్కింటాయన జూన్‌లో వచ్చి, డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చింది కదా అని అక్టోబరులో రెసిడెంట్ ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి చీటీ) కొనేశాడు. కొండ మీద అధికారి కాగితాలు అడిగేసరికి విషయం బయటపడింది. జరిమానా కంటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది, వేటాడిన జంతువుని స్వాధీనం చేసుకోవడం. కొడుకు పక్కనే ఉన్నాడు ఆ రోజు.

రెసిడెంట్ అయ్యాక మాత్రం ఇక్కడ సుఖమే. ఎల్క్ ట్యాగ్ 50 డాలర్ల లోపే. బయటివాళ్లకి అదే ట్యాగ్ వందల డాలర్లు. చాలా జోన్లలో లాటరీ లేకుండా నేరుగా కొనుక్కోవచ్చు. లాటరీ ఉన్న వేటలకి కూడా ఐడహోలో పాయింట్ల పద్ధతి లేదు, అంటే 20 ఏళ్లుగా దరఖాస్తు పెడుతున్నవాడికీ నిన్న వచ్చినవాడికీ ఒకటే అవకాశం. నలభై దాటి మొదలుపెడుతున్న మనలాంటివాళ్లకి ఇది చాలా పెద్ద మాట. రాష్ట్రంలో 60 శాతం పైగా ఫెడరల్ భూమి, లీజు గొడవే ఉండదు. ఊరికి ఆనుకుని 39వ యూనిట్‌లో (వేట కోసం విడదీసిన ప్రాంతం) మ్యూల్ డీర్ అనే జింకల వేట ఉంది. జనం మాత్రం ఎక్కువ, అది ముందే చెబుతున్నా.

ఇంకొకటి. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్దది. మగది 300 కిలోలు దాటుతుంది, ఎముకలు తీసేస్తే 80, 90 కిలోల మాంసం. మొదటిసారి నేను కాల్చింది రోడ్డుకి మూడు మైళ్ల దూరంలో, లోయలో. అక్కడే చర్మం ఒలిచి, కాళ్లు విడదీసి, గుడ్డ సంచుల్లో వేసుకుని, ఇద్దరం మూడేసి విడతలు మోశాం. చివరి విడత కారు దగ్గరికి చేరేసరికి తెల్లవారుజాము రెండు. మాంసం అక్కడే వదిలేసి రావడం నేరం, చట్టం ఒప్పుకోదు. కాబట్టి మోకాళ్లు గట్టిగా ఉండగానే మొదలుపెట్టు, ఇంట్లో పెద్ద ఫ్రీజరు ఒకటి పెట్టుకో. కొవ్వు అసలుండదు, మటన్‌లా వండితే పీచులా తేలుతుంది. మా ఇంట్లో ముందురోజు రాత్రి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి పెట్టి, మర్నాడు కుక్కర్లో ఏడెనిమిది విజిల్స్ రానిచ్చి, ఆపైన మసాలా వేసి ఇగురు చేస్తారు.

జవాబు (మిజూలా, మోంటానా)

మనసుకి నచ్చేదేదని అడిగితే మోంటానా తర్వాతే ఏదైనా అంటాను. కారణం నీళ్లు. 1985 చట్టం ప్రకారం వంతెన దగ్గరో, ప్రభుత్వ స్థలం దగ్గరో నదిలోకి దిగితే చాలు, వరద గుర్తు (మామూలుగా నీళ్లు ఎక్కే ఎత్తు దాకా గట్టు మీద పడే గుర్తు) లోపల ఉన్నంతసేపూ ఎంత దూరమైనా నడుచుకుంటూ గాలం వేసుకోవచ్చు. గట్టు ఎవరిదైనా సరే, పైకెక్కకూడదంతే. బిటర్‌రూట్, బ్లాక్‌ఫుట్, క్లార్క్ ఫోర్క్ మూడూ మాకు ఇంటి ముంగిట్లో ఉన్నట్టే. రైఫిల్ సీజన్ అక్టోబరు చివరి నుంచి థాంక్స్ గివింగ్ తర్వాతి ఆదివారం దాకా అయిదు వారాలు. ప్రైవేటు పొలాల్లో కూడా బ్లాక్ మేనేజ్‌మెంట్ పథకం కింద చాలాచోట్ల ఉచితంగా వేటాడొచ్చు.

కష్టాలూ చెబుతాను. ఇళ్ల ధరలు ఇక్కడి జీతాలకి అందవు. మీది రిమోట్ కాబట్టి ఆ కంపెనీ మోంటానా నుంచి పనిచేయడానికి ఒప్పుకుంటుందో లేదో ముందు రాతపూర్వకంగా తీసుకోండి. తెలుగువాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి, గోంగూర కావాలంటే పక్క రాష్ట్రం పోవాల్సిందే. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే కొండలు, బేర్ స్ప్రే నడుముకి లేకుండా వేటకి వెళ్లకూడదు. పిల్లలతో అయితే మరీనూ. వేసవి ముదిరాక నీళ్లు వేడెక్కితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడం ఆపేస్తారు.

అమ్మగారి ఆస్తమా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆగస్టు, సెప్టెంబరులో కార్చిచ్చు పొగ లోయలో దిగిపోతుంది, జనవరిలో చలిగాలి కదలక మళ్లీ అదే పరిస్థితి. మా అత్తగారు వచ్చిన ఏడాది రెండు వారాలు కిటికీ తెరవలేదు. బోయిసీలోనూ పొగ వస్తుంది, మంచుకాలంలో గాలి నిలిచిపోవడం అక్కడా ఉంది. ఆవిణ్ని మార్చి నుంచి జూలై మధ్య రప్పించుకోండి, ఏ ఊరైనా సరే.

జవాబు (కాజిల్ రాక్, కొలరాడో)

మా ఊరి గురించి నేను చెప్పాలి. అమెరికాలో ఎల్క్ అన్నిటికంటే ఎక్కువున్నది కొలరాడోలోనే. వేంకటేశ్వర స్వామి గుడి ఊళ్లోనే ఉంది, డెన్వర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బోలెడు, పిల్లలకి కూచిపూడి కావాలన్నా దొరుకుతుంది. రెండో, మూడో రైఫిల్ సీజన్లలో చాలా యూనిట్లకి మగ ఎల్క్ ట్యాగ్ నేరుగా కొనుక్కోవచ్చు. మంచి యూనిట్లకి మాత్రం ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టాలి.

నన్ను నిరాశపరిచింది నీళ్ల విషయం. ఇక్కడ ఏటి అడుగు నేల కూడా గట్టు యజమానిదే. పడవలో తేలుతూ పోవచ్చుగానీ కాలు కింద పెట్టకూడదు. మొదటి ఇల్లు కొన్నప్పుడు వెనక అరమైలులో ఏరుందని ఎంత మురిసిపోయామో. మొదటి ఆదివారం మా వాడు, నేను నీళ్లలోకి దిగి పది నిమిషాలు కాలేదు, ఒక పెద్దాయన గట్టు మీదకొచ్చి మర్యాదగానే చెప్పాడు, ఇది మా నేల, బయటికి రండి అని. మా వాడు గాలం చుట్టుకుంటుంటే నాకు గొంతు పట్టేసింది. ఇప్పుడు సౌత్ ప్లాట్ మీద డెకర్స్ వెళ్తాం, గంట ప్రయాణం, గొప్ప ట్రౌట్, శనివారమైతే భుజాలు రాసుకునేంత జనం. మీరు ఏ రాష్ట్రంలో చూసినా, ఏరు కనబడుతోందా అని కాదు, అందులో దిగొచ్చా అని అడగండి. యూటాలోనూ ఇదే చిక్కు, వయోమింగ్‌లోనూ ఇంచుమించు ఇంతే. ఐడహోలో పడవలు తిరిగే నదుల్లో వరద గుర్తు దాకా మనకి హక్కుంది.

ఎత్తు గురించి కూడా. మా ఊరే 6,200 అడుగులు, వేట 9,000 పైన. బోయిసీ 2,700 అడుగులే. అమ్మగారికి అది పెద్ద తేడా.

జవాబు (సియాటిల్, వాషింగ్టన్)

బావమరిది విషయం ఎవరూ ముట్టుకోలేదు, కానీ అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది అదే. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, విజిటర్, ఇలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. గడువు తీరిన రోజే ఆ రక్షణా పోతుంది. సరదాకి మీ రైఫిల్ ఒక్క నిమిషం పట్టుకున్నా ‘దగ్గర ఉంచుకోవడం’ కిందికే వస్తుంది. దీంతో వచ్చేది జరిమానా టెన్షన్ ఒక్కటే కాదు, వీసాయే పోవచ్చు. రాష్ట్రాల నిబంధనలు మళ్లీ వేరు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి, లేదంటే బాణాలతో మొదలుపెట్టమనండి. ఫెడరల్ చట్టంలో విల్లు తుపాకీ కిందికి రాదు, సెప్టెంబరు విల్లు సీజన్ అన్నిటికంటే అందంగా ఉంటుంది. అమ్మగారు విజిటర్ వీసా మీద వస్తారు కాబట్టి తుపాకీ బీరువా తాళం ఆవిడ చేతికి ఇవ్వకండి.

ప్రశ్న అడిగినాయన భార్య

నమస్తే అండీ. ఆయన వేట గురించి అడిగారు, నేను ఇంటి గురించి అడుగుతాను. నాకు నిజంగా భయంగా ఉంది. పాప ఇంట్లో ఉండగా తుపాకులు. పైగా జింక మాంసానికి ఏదో జబ్బు వస్తుందంటున్నారు. నా నర్సు లైసెన్సు మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలా?

జవాబు (మెరిడియన్, పైన రాసినాయన భార్యని)

చెల్లీ, భయపడటంలో తప్పేం లేదు. నేనూ భయపడ్డాను. మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి చెబుతాను. తుపాకీ స్టీలు బీరువాలో, తూటాలు వేరే పెట్టెలో, రెండు తాళాలూ వేర్వేరు చోట్ల. వేట నుంచి రాగానే స్నానం కంటే ముందు అదే పని. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి బాబుతోపాటు నువ్వూ వెళ్లు, వేటకి వెళ్లకపోయినా సరే. నా భయం సగం తగ్గింది ఆ క్లాసులోనే. ఐడహోలో 1975 జనవరి 1, ఆ తర్వాత పుట్టినవాళ్లకి ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. టెక్సస్‌లో చేసినా ఇక్కడ చెల్లుతుంది, బాబుది అక్కడే పూర్తి చేయించుకురండి. 10 ఏళ్లు నిండిన పిల్లలు పెద్దవాళ్లతో కలిసి పెద్ద జంతువుల వేటకి వెళ్లొచ్చు.

ఆ జబ్బు పేరు సీడబ్ల్యూడీ, జింక జాతుల మెదడుని తినేస్తుంది. మోంటానా అడవుల్లో 2017లో, ఐడహోలో 2021లో బయటపడింది. కొలరాడోలో ఎప్పటి నుంచో ఉంది. మనుషులకి సోకినట్టు రుజువు కాలేదుగానీ, పరీక్షలో ఉందని తేలితే తినొద్దనే చెబుతారు. మేం ఆ ప్రాంతాల్లో కొట్టిన జంతువుకి పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా మాంసం మీద తేదీ రాసి ఫ్రీజర్లో విడిగా పెడతాం.

నర్సు లైసెన్సుకి కంగారు వద్దు. టెక్సస్, ఐడహో, మోంటానా, కొలరాడో అన్నీ కాంపాక్ట్‌లో (ఒకరి నర్సు లైసెన్సుని ఒకరు ఒప్పుకునే రాష్ట్రాల ఒప్పందం) ఉన్నాయి. నీది మల్టీస్టేట్ లైసెన్సయితే రాగానే పనిచేయొచ్చు. ఇల్లు మారిన 60 రోజుల్లోగా కొత్త రాష్ట్రంలో దరఖాస్తు పెట్టాలి, అదొక్కటి మర్చిపోకు.

ట్రౌట్ పులుసు మాత్రం పెట్టకు, మెత్తటి చేప, ముక్క విడిపోతుంది. పొలుసు గీకే పని కూడా లేదు. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పెనం మీద నిలువు చేపగా వేయిస్తే పిల్లలు ముల్లు తీసుకుని తినేస్తారు.

ప్రశ్న అడిగినాయన

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. మోంటానాకి ఏటా చేపలకి వెళ్తాం, ఉండటం మాత్రం బోయిసీ వైపే. మార్చి సెలవుల్లో వచ్చి వారం ఉండి చూస్తాం. బడి అయిపోయాక జూన్‌లో మెరిడియన్‌లో అద్దెకి దిగుతాం, ఏడాది తర్వాతే కొనుగోలు మాట. ఆరు నెలల లెక్కన డిసెంబరు దాకా రెసిడెంట్ కాలేం, అంటే ఈ సీజన్ పోయినట్టే. నాకు పర్వాలేదు. ఆ సెప్టెంబరు, అక్టోబరు తుపాకీ లేకుండా కొండలు తిరిగి దారులు నేర్చుకుంటాను. అన్నా, ఒక్కటే అడుగుతాను. జూన్‌లో దిగిన వారంలోనే పిల్లల్ని నదికి తీసుకెళ్లొచ్చా?

జవాబు (మెరిడియన్)

వద్దు తమ్ముడూ. జూన్‌లో మంచు కరిగిన నీళ్లు దూకుతుంటాయి, పెద్దవాళ్లనే లాక్కుపోతాయి. జూలైలో ప్రవాహం తగ్గాక వెళ్దాం. అప్పటిదాకా మెరిడియన్‌లోనే క్లైనర్ పార్కు చెరువుంది, ప్రభుత్వం వాళ్లే చేపలు వదులుతారు. నువ్వూ బాబూ గాలం వేస్తే లైసెన్సు చూసుకుని వేయండి, ఆర్నెల్లు నిండేదాకా మీరు బయటి రాష్ట్రం వాళ్లే. మార్చిలో వచ్చేముందు ఒక మెసేజ్ పెట్టు, భోజనం మా ఇంట్లోనే.