ఎర్రటి నత్తపిల్ల: జబ్బా, అల్బినిజమా?

ప్రశ్న: అక్వేరియంలోని గోధుమరంగు రామ్స్‌హార్న్ నత్తల గుడ్ల నుంచి ఒక ఎర్రటి పిల్ల వచ్చింది. పెంకులోంచి శరీరం కనిపిస్తోంది, కళ్ళు మాత్రం నల్లగానే ఉన్నాయి. ఇది అల్బినో అవుతుందా?

మొదటి సమాధానం: అవుతుందండీ, జబ్బు కాదు. శరీరంలో నల్లని వర్ణకం లోపించినప్పుడు, ఈ కుటుంబపు నత్తల రక్తంలోని హీమోగ్లోబిన్ ఎరుపు బయటికి కనిపిస్తుంది. చాలా నత్తల రక్తంలో రాగితో కూడిన, ఎరుపు కాని హీమోసయనిన్ ఉంటుంది కనుక వాటి అల్బినోలు తెల్లగానో లేత పసుపుగానో ఉంటాయి. ఇదే కుటుంబంలోని బయోంఫలేరియా గ్లాబ్రాటా అల్బినోలకూ కళ్ళు నల్లగానే ఉంటాయి.

రెండవ సమాధానం: ఇది అంతర్గత లక్షణం (జన్యువు రెండు ప్రతులూ అలాంటివైతేనే బయటపడేది) కనుక మామూలు రంగు నత్తలకూ ఇలాంటి పిల్లలు పుడతాయి. పెద్ద ఆఫ్రికా నత్తల్లోనైతే తెల్లని శరీరానికి చారల పెంకు ఉండటమూ కద్దు.

మూడవ సమాధానం: పెంకు పైపొర లేచి, గరుకుగా తెల్లబడితే మాత్రం అది రంగుభేదం కాదు, నీటిలో ఆమ్లత్వాన్ని, కాల్షియాన్ని వెంటనే పరీక్షించండి.