ఇంటి పన్ను బకాయి కిస్తీల్లో కట్టించుకుంటారా?

నెల్లూరు మూలాపేటలో మేం నలుగురం కలిసి, ఇంటి పన్ను కట్టలేక నోటీసులు అందుకున్నవాళ్ల తరఫున కాగితాలు పట్టుకుని తిరుగుతుంటాం. ఒక పెద్దామె సంగతి మాత్రం తెగట్లేదు. ఇడ్లీలు అమ్ముకుని బతుకుతోంది. పన్ను ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే వస్తోంది. అసలు కంటే వడ్డీ ఎక్కువైంది. నూటికి నెలకు 2 రూపాయలు మరి, బయట అప్పుకేం తీసిపోదు! 2025 మార్చిలో వడ్డీలో సగం మాఫీ ఇచ్చినప్పుడు ఆమెకు ఆ సంగతే తెలియదు. నోటీసు మడిచి బియ్యం డబ్బాలో దాచింది, కొడుకు చూస్తే ఇల్లు అమ్మేద్దామంటాడని టెన్షన్.

చందాలేసుకుని కొంత పోగుచేశాం. మిగతాది కిస్తీల్లో కట్టించుకోమని అర్జీ ఎవరికి పెట్టాలి? కమిషనర్‌కా, వార్డు సచివాలయంలోనా? పేరు మార్పిడికి బకాయి అంతా ముందే తీరాలా? ఒంగోలు, కావలి వైపు ఎవరైనా ఇలా చేయించి ఉంటే కాస్త చెప్పండి.