క్షమాపణ దొరికినా మనసు తేలిక కావడం లేదు

ప్రశ్న (పలాస): జీడిపిక్కల పనికి వెళ్తాను. నాన్న పోయే ముందు రోజు ఆయనతో గొడవపడ్డాను. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయినా, పప్పు ఒలుస్తుంటే ఆ మాటలే గుర్తొస్తాయి. దేవుడు క్షమించాడని నమ్ముతాను. మరి నాకెందుకు విడుదల లేదు?

జవాబు (రాజాం): అక్కా, బైబిల్లో రోమా పత్రిక 8:1 చూడండి. క్రీస్తులో ఉన్నవారికి శిక్షావిధి లేదన్నాడు పౌలు. బాధే ఉండదని అనలేదు. తాగుడు మానాక కూడా ఏడాది పాటు మా అమ్మ ముఖం చూడలేకపోయాను. ఒకరోజు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆ రాత్రి నిద్ర పట్టింది.

జవాబు (బొబ్బిలి): మీ అమ్మ ఉందా తల్లీ? ఉంటే ఆమెతో చెప్పుకో. 51వ కీర్తన పైకి చదువు, అందులో దావీదు తన పాపం ఏమీ దాచుకోలేదు.

పలాస: ఉంది, కంచిలిలో. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కుతాను.